కొత్త సైలెన్సర్, రెండు మూరల మల్లెలు

మా ఆయనకు తన పాత అంబాసిడర్ మీద ఉన్న ప్రేమ చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. నా మోకాలి ఎక్స్‌రేకు నన్ను ఒక్కదాన్నే ఆటో ఎక్కించిన మనిషి, దానికి సైలెన్సర్ మార్పించడానికి ఆటోనగర్‌లో మెకానిక్ పక్కన రెండు రోజులు నిలబడ్డారు.

శుక్రవారం సాయంత్రం కారు ఇంటికి తెచ్చి, మల్లెపూల పొట్లం బల్ల మీద పెట్టి స్నానానికి వెళ్లారు. పెళ్లిరోజుకు కూడా పూలు తేని మనిషి! విప్పి కొలిచాను. రెండు మూరలకు బెత్తెడు తక్కువ. అయినా మురిసిపోయి తలలో పెట్టుకున్నాను.

ఆయన వచ్చి బల్లంతా వెతికారు.

“పూలేవే? కారుకి పూజ చెయ్యాలి.” అంతలో నా జడ చూశారు. “అయ్యో, పెట్టేసుకున్నావా! ఇంక పూజకెట్టా పనికొస్తాయి?”

“పనికిరావుగా! దానికి నిమ్మకాయలు చాల్లెండి.”

నిమ్మకాయలు తొక్కించి, నన్ను ఎక్కించుకుని కంకిపాడు వైపు తీసుకెళ్లారు. పాత సైలెన్సర్ మోతలో నేనేం గొణిగినా ఆయనకు వినపడేది కాదు. ఆ అలవాటుతోనే, “నాకంటూ ఎప్పుడైనా ఒక్క మూర కొన్నారా?” అని గొణిగాను.

ఆయన పూలకొట్టు ముందు కారు ఆపారు.

“రెండు మూరలు కారుకి, రెండు మూరలు మా ఆవిడకి ఇవ్వమ్మా.”

దండలు రెండూ ఒళ్లో పెట్టుకుని కొలిచాను. పొడుగుది నేను ఉంచుకున్నాను.