డైసీ ఆంటీ గౌను చేతులు

ఒక క్రిస్మస్ ముందురోజు, ఖరగ్‌పూర్ రైల్వే కాలనీలో ఒక పెద్దావిడ పరువు నా చేతుల్లో ఎలా ఉబ్బిపోయిందో చెబుతాను. మీరు నవ్వుకోండి. నాకైతే ఇప్పటికీ ముందు గుండె దడ, ఆ తర్వాతే నవ్వు.

నాకు పాత గౌన్ల కటింగ్ కాగితాల పిచ్చి. ముందుభాగం, వెనకభాగం, చెయ్యి, కాలరు, దేనికది కొలత ప్రకారం కత్తిరించి దాచుకున్న పల్చటి కాగితాలు. గుడ్డ మీద పరిచి చుట్టూ కోసుకోవడమే. ఆంగ్లో ఇండియన్ల ఇళ్ళు ఖాళీ అయినప్పుడల్లా ఇవి ఖరిదా బజారులో పాత పేపర్ల దుకాణానికి మూటలుగా వచ్చేవి. చేపల బుట్ట దిగినప్పుడు పిల్లి పరిగెత్తినట్టు నేను పరిగెత్తేదాన్ని.

వర్క్‌షాపులో రిటైరై ఇంట్లో కూర్చున్న మా ఆయనకి అదొక్కటే బాధ.

"ఏటే ఇవి? బీరువాలో నా లుంగీలకి చోటు నేదు గానీ, ఎప్పుడో పోయినోళ్ళ గౌన్లకి చోటుందేటి?"

"గౌన్లు కావు మావా, కాయితాలు."

"మరీ మంచిది. కట్టుకోడానికీ పనికిరావు."

మా కాలనీలోనే ఉండే ఆంగ్లో ఇండియన్ పెద్దావిడ డైసీ ఆంటీ ఇంట్లో బిస్కట్ డబ్బా నిండా అలాంటివే ఉన్నాయని తెలిసి వెళ్ళాను. వాళ్ళమ్మ వాడినవట.

"మమ్మీ దాచిన సిల్కు గుడ్డ ఉంది పైడమ్మా. ఇంతే ఉంది, మళ్ళీ దొరకదు. క్రిస్మస్‌కి చర్చికి మమ్మీ లాంటి గౌను వేసుకోవాలి నేను. బాగా కుడితే డబ్బా నీదే. ఏది ఏమిటో కాగితాల మీద రాసే ఉంది, చదువుకో. ఠీక్ హై?"

"ఠీక్ హై ఆంటీ!" అన్నాను, కాలేజీ చదువు వెలగబెట్టినదానిలా.

మీకు నిజం చెప్పేస్తాను. అప్పటికి నాకు ఏ భాషలోనూ ఒక్క అక్షరం రాదు. ఆకారం చూసి పోల్చుకోవడమే. ఆ మాట చెబితే డబ్బా చేజారిపోతుందని నోరు మూసుకున్నాను.

ముందు, వెనక, కాలరు తేలిగ్గానే దొరికాయి. చేతుల కోసం వెతికితే ఒక పెద్ద కాగితం కనబడింది. పైన గుండ్రం, కింద సాపు. అచ్చం బుట్టచెయ్యి! కాస్త పెద్దదే, ఆ కాలం దొరసానుల దర్జా అలా ఉండేదేమో అనుకున్నాను. అలాంటిదే ఇంకో చిన్న కాగితం మిగిలింది. జేబై ఉంటుంది, చర్చిలో ఆంటీకి జేబెందుకని డబ్బాలో పడేశాను.

కుట్టిన గౌను కొక్కేనికి తగిలిస్తే మా ఆయన తొంగిచూశాడు.

"ఏటే, ఆవిడ చర్చికి నడిసెల్తాదా, ఎగిరెల్తాదా?"

"ఫేషను గురించి నీకేటి తెలుసు? ఊరుకో మావా."

క్రిస్మస్ ముందురోజు పొద్దున్న ఆంటీ గౌను తొడుక్కుని అద్దం ముందు నిలబడింది. భుజాల మీద రెండు బూడిదగుమ్మడికాయలు, మధ్యలో నిమ్మకాయంత తల. ఆంటీ ఆ గుమ్మడికాయల్ని ఒక్కోటీ నొక్కి చూసుకుంది. తిట్టినా బాగుండును.

"పైడమ్మా, ఈ చేతుల కాగితం చూపించు."

ఇచ్చాను. చూసి, కుర్చీలో కూలబడింది.

"ఇది చెయ్యి కాదు. మమ్మీ కెటిల్ టోపీ!"

"కెటిల్‌కి టోపీయేటి ఆంటీ?"

"టీ చల్లారకుండా పైన తొడిగేది. మా ఇంటిల్లిపాదికీ ఒకటే కెటిల్, ఇంత పెద్దది! ఇక్కడ రాసుంది, చూడలేదా?"

మా ఇంట్లో టీ గిన్నెలో మరుగుతుంది, గ్లాసులో పడుతుంది. దానికి కూడా బట్టలు కుట్టించేవాళ్ళుంటారని నాకెలా తెలుస్తుంది, మీరే చెప్పండి!

"చూసినాను ఆంటీ. నాకు చదవడం రాదు. మీ అమ్మ సిల్కు పాడుసేసినాను," అన్నాను.

"అరే పాగల్! ముందే చెబితే నేను చదివి పెట్టేదాన్ని కదా!"

ఆంటీ డబ్బాలోంచి నేను జేబనుకున్న కాగితం తీసింది. అదీ అసలు చెయ్యి. నేను కుట్లు విప్పి, గుడ్డ ఇస్త్రీ చేసి, ఆ కాగితం పరిచాను. ఇద్దరం వంగి చూశాం.

పట్టింది! చుట్టూ ఇంకా రెండు వేళ్ళ వెడల్పు గుడ్డ మిగిలింది కూడా. కెటిల్ లావు, ఆంటీ చెయ్యి సన్నం. అదే ఒంటరి మనిషి చిన్న కెటిల్ అయ్యుంటే నేను ఆ సాయంత్రమే హౌరా బండెక్కి పారిపోయేదాన్ని.

మర్నాడు చర్చిలో అందరూ ఆంటీ గౌను కొత్త చేతుల్నే మెచ్చుకున్నారట. డబ్బా నాకిస్తూ ఆంటీ ఒక షరతు పెట్టింది: రోజూ సాయంత్రం వచ్చి అక్షరాలు నేర్చుకోవాలి. ఇంగ్లీషు ఆంటీ దగ్గర, తెలుగు మా కోడలి దగ్గర నేర్చుకున్నాను. ఆంటీ నాతో మొట్టమొదట చదివించిన కాగితం ఏదో మీకు వేరే చెప్పాలా?

అందుకే కత్తెర మీద చెయ్యేసి ప్రమాణం చేస్తున్నాను. కాగితం మీద పేరు చదవకుండా గుడ్డ కొయ్యను. ప్రాణం పోయినా మరే మనిషికీ కెటిల్ కొలత కుట్టను. కెటిళ్ళు మాత్రం మొహమాటపడకుండా రావచ్చు, వాటి కొలత నాకు బాగా తెలుసు.