తొమ్మిదో నంబరు చేను

కోలారు బంగారు గనులు మూతపడి ఇరవై ఏళ్లు దాటిన ఏడాది నేను ఆ ఉద్యోగంలో చేరాను. మా నాన్న ఒకప్పుడు గనిలో గుమాస్తా. గనుల పక్కనే ఆండర్సన్‌పేటలో పెరిగి, బీఎస్సీ చదివిన నేను ఒక కంపెనీలో పొలాల్లో మట్టి నమూనాలు తీసే ఫీల్డ్ అసిస్టెంట్‌నయ్యాను.

మేం రాగి విత్తనాలకు ఒక రకం శిలీంధ్రపు పొడి పట్టించి రైతులకిచ్చేవాళ్లం. మొక్క గాలిలోంచి తీసుకున్న కార్బన్‌లో కొంత వేర్ల గుండా నేలకు దిగుతుంది. వేర్లను అల్లుకున్న సూక్ష్మజీవులు దాన్ని మట్టిలో పట్టి ఉంచుతాయి. నేలలో కార్బన్ నిజంగా పెరిగిందో లేదో తేలాలంటే మూడేళ్లు ఒకే చోట మట్టి తీసి చూడాలి. అందుకు కోర్ సాంప్లర్ అనే ఇనుప గొట్టాన్ని సుత్తితో నేలలోకి దించుతాం.

సుగటూరు పక్కనున్న నారాయణమ్మ చేను మా రిజిస్టరులో తొమ్మిదో నంబరు. ఆమెకు యాభై ఏళ్లుంటాయి. భర్త పోయాక, మరిది కృష్ణప్పతో ఉమ్మడిగా ఉన్న ఆ రెండెకరాలను ఆమే చూసుకునేది. మేం చెప్పినట్టే లోతు దుక్కి మానేసింది. కోతయ్యాక మోళ్లు పీకలేదు, పశువుల్ని దిగనివ్వలేదు.

రెండో ఏడు కోతలప్పుడు వెళితే, ఒక రాగి దుబ్బు పెరికి నా ముందు పెట్టింది. వేర్లనిండా మట్టి చిన్న చిన్న ఉండలుగా అంటుకుని ఉంది.

"ముందర పీకితే వేరు బోడిగా వస్తా ఉండె. ఇప్పుడు చూడమ్మా. వాన నీళ్లు గూడా పారిపోకుండా ఇంకిపోతాండాయి. మన్ను బాగైండాది గదా?"

"బాగైనట్టే ఉండాది అక్కా."

"ఆ మాటే ఒక కాయితంలో రాసియ్యి తల్లీ."

బోరు ఎండిపోవడంతో, పైమట్టిని ఇటుకల బట్టీకి అమ్మేద్దామని కృష్ణప్ప పట్టుబడుతున్నాడట.

"సచ్చిన నేల, దీన్ని పెట్టుకోని ఏం చేస్తావంటాడు. నా మాట వినడు. ఆఫీసోళ్ల కాయితమైతే వింటాడు."

మూడేళ్ల ఫలితం రాకముందు రైతులకు ఏదీ రాసివ్వకూడదని మాకు గట్టిగా చెప్పారు. అదే ఆమెకు చెప్పాను.

"అంతవరకూ ఆయప్ప ఆగల్ల గదమ్మా?"

"నువ్వే చెప్పి చూడక్కా," అన్నాను. ఆమె నా నమూనా సంచుల మూతులు కట్టి ఇచ్చింది.

మూడో ఏడాది వేసవిలో చివరి నమూనా కోసం వెళ్లాను. గట్టెక్కి చూస్తే చేను లేదు. జేసీబీతో తవ్వేసిన పెద్ద గుంత, అడుగున ఎర్రటి మొరం. నారాయణమ్మ గట్టు మీద కూర్చుని ఉంది. నా చేతిలోని గొట్టాన్ని చూసింది.

"యాడ తీస్తావమ్మా మన్ను?"

గొట్టాన్ని కింద పెట్టేశాను.

"నేను పుట్టింటికి పోయిండగా లారీలు తెచ్చినాడు. వచ్చేలోగా అంతా అయిపోయె. ఇంగ ఎవురితో కొట్లాడేది?" మళ్లీ తనే అడిగింది: "మన్ను లేదని ఆఫీసులో నిన్నేమన్నా అంటారా?"

అప్పుడు ఏడ్చేశాను. ఆమే నా భుజం తట్టింది.

ఆ చేనును లెక్కలోంచి తీసేయమన్నాడు మా మేనేజరు. తీసేశాను. అయితే రెండో ఏటి సంచులు స్టోరులోనే ఉన్నాయి. బతిమాలి పరీక్ష చేయించాను. మొదటి ఏడాదితో పోలిస్తే కార్బన్ కొద్దిగా పెరిగింది. ఒక్క చేనుతో ఏదీ రుజువు కాదని కెమిస్టు అన్నాడు. అది నిజమే.

నారాయణమ్మ అప్పటికి పూలతోటలో కూలికి పోతోంది. వెళ్లి చెప్పాను. "ఆ పొద్దే చెప్పినా గదమ్మా," అని మళ్లీ పూలు కోయడానికి వంగింది.

నేను రాసిచ్చి ఉంటే కృష్ణప్ప ఆగేవాడో లేదో తెలియదు. కానీ ఆ రోజు వేర్లకు పట్టిన మట్టిని నా కళ్లతో చూశాను. చూసింది రాయడానికి ల్యాబ్ రిపోర్టు అక్కర్లేదు. ఇప్పుడు ఏ రైతు అడిగినా, నేను చూసిందేమిటో, ఇంకా తేలనిదేమిటో రెండూ రాసి, సంతకం పెట్టి చేనులోనే ఇచ్చేస్తాను. ఆఫీసులో రెండుసార్లు మందలించారు.

నారాయణమ్మ మాత్రం నన్ను మళ్లీ ఏమీ అడగలేదు.