కొండకు పాస్‌పోర్టు ఫోటో

మనుషుల వెనక ఉన్నదాన్ని చెరిపేయడమే ఆమె వృత్తి. పాస్‌పోర్టు ఫోటోల దుకాణం ఆమెది. తెల్లని తెర, తిరిగే స్టూలు, "గడ్డం కాస్త దించండి, నవ్వకండి." ముఖం సరిగ్గా నడుమ ఉండాలి; చుట్టూ ఏమీ ఉండకూడదు. అధికారులకు కావలసిన మనిషి అలాంటివాడే: ఇల్లూ వాకిలీ, వెనకా ముందూ లేనివాడు.

ఇంట్లో ఆమె అక్క ఉంది. నడుము పడిపోయి మంచం పట్టినప్పటి నుంచి అక్కకు కిటికీ ఒక్కటే ప్రయాణం. రేకుల కప్పులు, వాటి మీదుగా బట్టల తీగ, తర్వాత మట్టిబాట, బాట చివర కొండ. చిన్నప్పుడు ఇద్దరూ ఎక్కిన కొండ. ఎదుటి స్థలంలో మూడంతస్తులకు అనుమతి తెచ్చుకున్న ఆసామి ఆరంతస్తులు లేపాడు. చెల్లెలు ఫిర్యాదు చేసింది. వెలుతురు తగ్గితే నష్టమేనని పురపాలక కార్యాలయం ఒప్పుకుంది. కొండ కనబడకపోవడం నష్టం కిందికి రాదంది. ఏ కొలతతో తేల్చారని అడిగితే అదే కాగితం మళ్ళీ చూపింది. మంచం మీది మనిషికి మిగిలింది సిమెంటు గోడ.

"ఒక్కసారి ఫోటో తీసుకురావే, చూస్తాను," అంది అక్క.

చెల్లెలు సెలవుపూట కెమెరా మెడలో వేసుకుని, ఆ భవనాన్ని చుట్టి అవతలి వీధికి వెళ్ళింది. ఆరుబయట ఫోటో తీయడం ఆమెకు అదే మొదలు. చేతులు మాత్రం పాతవే. అడ్డొచ్చిన కప్పులనూ తీగనూ తప్పించి, కొండను దగ్గరకు లాగి, నట్టనడుమ నిలిపింది. చుట్టూ సమానంగా ఆకాశం వదిలింది. తన పని చూసి తనకే ముచ్చటేసింది.

అక్క ఫోటోను అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఏమే, కొండకు పాస్‌పోర్టు తీశావా? ఏ దేశం పంపుతున్నావు దాన్ని?"

"పో అక్కా! ఎంత స్పష్టంగా వచ్చిందో చూడు. రాయి రాయీ కనబడుతోంది."

"రాళ్ళు నాకెందుకే? ఇందులో నేనెక్కడున్నాను? దాని దగ్గరికి ఎటు నుంచి వెళ్ళాలి?"

చెల్లెలు ముఖం ముడుచుకుంది. గబగబా అన్నం పెట్టేసింది. తలగడ సర్దడానికి వంగినప్పుడు ఆమె ముఖం అక్క ముఖం పక్కకు వచ్చింది. ఇప్పుడు కనబడేది గోడే అయినా, అంత కింది నుంచి కిటికీ వేరేలా ఉంది. ఇన్నేళ్ళూ తాను నిలబడి చూసిన కొండ, అక్క పడుకుని చూసిన కొండ ఒకటి కావు. అక్కకు ముందు కప్పులు, ఆ తర్వాతే కొండ. దగ్గరివి దగ్గరగా ఉన్నందువల్లే అది అంత దూరంగా, అంత వెళ్ళాలనిపించేలా ఉండేది.

మర్నాడు పొద్దున దుకాణం తెరవకుండా కెమెరాతో వెళ్ళి, అదే అవతలి వీధిలో మోకాళ్ళ మీద కూర్చుంది.

"ఏం పోయిందమ్మా? వెతకమంటారా?" అన్నాడు పాలవాడు.

"దొరికింది లెండి."

ఫోటోలో కింది సగం కప్పులకూ తీగకూ ఇచ్చింది. బాటను కింది మూల నుంచి పైకి నడిపించింది. కొండను నడుమ నుంచి తప్పించి కుడివైపు పైకి జరిపింది. అలా జరపడానికి చెయ్యి మొరాయించింది. ఎడమ అంచులో ఆ భవనం గోడ చొరబడింది. బాటను ఉంచాలంటే గోడనూ ఉంచక తప్పలేదు.

"ఆ గోడ ముక్క కోసేస్తానక్కా, చిటికెలో పని," అంది ఇంట్లో ఫోటో చూపిస్తూ.

"కోయకు. కోస్తే, చూసినవాళ్ళు కొండ మనకింకా కనబడుతోందనుకుంటారు."

ఫోటోను కిటికీ రెక్కకు అతికించారు. అందులో బాట కొంత మేర గోడ వెనక్కి పోయి, మళ్ళీ కొండ మొదట్లో తేలుతుంది. చిన్నప్పుడు ఇద్దరూ కూర్చుని ఆయాసం తీర్చుకున్న మలుపు ఆ కనబడని చోటే ఉంది.

అక్క తలగడ మీద తలను మెల్లగా కుడివైపుకు జరిపింది, గోడ వెనక్కి చూడడానికి.