మెడ పొడుగు సంబంధం

నారాయణఖేడ్‌లో జంతుశాస్త్రం పాఠాలు చెప్పే ఉద్యోగంలో చేరిన కొత్తలో, నేను కిరాయికి దిగిన ఇంటి ముందు ఒక బాదం చెట్టు ఉండేది. వానలు మొదలయ్యాక దాని ఆకులు సగానికి తెగి, కింది సగం చుట్టలా చుట్టుకుని వేలాడసాగాయి. "ఎవడో బీడీలు చుట్టి చెట్టుకు ఏలాడగడుతుండు" అని ఇంటి ఓనరక్క గల్లీ పిల్లలందరినీ తిట్టింది.

చుట్టింది పిల్లలు కాదు, ముక్కు పురుగు. గోరంత కూడా లేని ఆ ఎర్రటి పెంకు పురుగు ఆకును అడ్డంగా కోసి, మడతపెట్టి, లోపల గుడ్డు దాచి, చుట్ట చుట్టేస్తుంది. ఒక మధ్యాహ్నమంతా కుర్చీ వేసుకుని చూశాను. అంత పొందికగా నేను చీర కూడా మడతపెట్టలేను. దాని జాతేమిటో తేల్చాలని పట్టుదల పుట్టింది. రెండు మూడింటిని పట్టి, హైదరాబాద్‌లో ఒకప్పుడు నాకు చదువు చెప్పిన సారుకు పంపాను.

"ఇవన్నీ ఆడవే. వీటిని చూసి జాతి ఖాయం చేయలేం. మగదాన్ని పంపు. దాని మెడ పొడుగ్గా ఉంటుంది" అన్నారాయన ఫోన్లో.

ఎంత వెతికినా మగది దొరకలేదు. బట్టలారేస్తున్నా, కూర తరుగుతున్నా నాకు అదే ధ్యాస, అదే మాట. అక్కకు జాలి కలిగింది. ఆదివారం చర్చిలో ప్రార్థన విన్నపాలు చెప్పే వేళ లేచి, "మా ఇంట్ల కిరాయికున్న మేడమ్ మగజత దొరక్క మస్తు పరేషాన్ల ఉంది. మెడ పొడుగు ఉండాలంట. జల్దీ దొరకాలని ప్రార్థన చేయుండ్రి" అన్నదట. పురుగు అన్న మాట చెప్పడం మాత్రం మరిచిపోయింది. నాకు ముప్పై దాటాయనీ పెళ్లి కాలేదనీ అక్కడ అందరికీ తెలుసు.

మరుసటి ఆదివారం చర్చి నుంచి అక్క ఫోన్ చేసింది. "మేడమ్, దొరికిందంట! కల్హేర్ ఊరోళ్ల ఇంట్లనే ఉన్నదంట. తీసుకొస్తుండ్రు."

అప్పటికి నేను గొడుగును తలకిందులుగా పట్టుకుని, కర్రతో కొమ్మలు కొడుతున్నాను. అలా కొడితే పురుగులు గొడుగులో రాలతాయి. గేటు ముందు ఆటో ఆగింది. ఒక పెద్దామె, ఆమె తమ్ముడు, వెనక తెల్లచొక్కా యువకుడు దిగారు.

"వానేది బిడ్డా?" అంది పెద్దామె గొడుగు చూసి.

"వాన కోసం కాదమ్మా. తెచ్చిండ్రా?"

"తేకుంటెట్ల?"

"ఎక్కడ దొరికింది?"

"దొరికేదేంది? నేనే కన్న."

ఆ 'కన్న'ను 'చూశాను' అని అర్థం చేసుకునేంత తొందరలో ఉన్నాను. "తిండేమన్నా పెట్టిండ్రా? ఆకులు?"

"పాలకూరంటే పానం."

పాలకూర తినే ముక్కు పురుగు! కొత్త జాతేనేమోనని అప్పుడే ఆశపడ్డాను. "మరి డబ్బా ఏది?"

ఆమె సంబరంగా సంచిలోంచి డబ్బా తీసి ఇచ్చింది. ఎగిరిపోకుండా మూత కొంచెమే ఎత్తి, భూతద్దం పెట్టి చూశాను. బాదుషాలు.

"ఇందులో మగది లేదు కదమ్మా" అన్నాను.

తమ్ముడు మేనల్లుణ్ణి ముందుకు నెట్టాడు. "గీడున్నడు కదా మేడమ్. మెడ జూస్కోండ్రి." ఆ యువకుడు పాపం, పైగుండీ విప్పి గడ్డం పైకెత్తాడు. నిజంగానే పొడుగు.

అప్పుడే అక్క రొప్పుతూ వచ్చింది. "పురుగును గదా తెస్తమన్నరు?" అంది. సంగతి తెలిశాక పెద్దామె భగ్గుమంది. "పురుగు కోసం మమ్మల్ని ఆటో కట్టించి రప్పిస్తరా?" నేను తలకిందుల గొడుగు మూయడం కూడా మరిచిపోయి క్షమాపణలు చెబుతున్నాను.

గొడవ ఆపింది ఆ యువకుడే. "ఎట్లుంటది మేడమ్ గా పురుగు?" అన్నాడు. అతనిది కరెంటు లైన్ల పని. చెప్పులు విడిచి, ఆ తెల్లచొక్కాతోనే చెట్టెక్కాడు.

"సంబంధం చూడొచ్చి చెట్టెక్కుతవారా!" తల్లి కింద నుంచి అరుస్తూనే ఉంది. అతను చిటారు కొమ్మ పట్టుకుని ఊపాడు. చీమలూ గొంగళిపురుగులూ గొడుగులో రాలాయి. వాటి మధ్య ఒక ఎర్రటి పురుగు, ఒంట్లో సగం మెడే.

మేనమామ నా చేతిలో భూతద్దం లాక్కున్నాడు. "అరె అక్కా, గిది అచ్చం మనోని లెక్కనే ఉన్నది!" పెద్దామె చూడనంటే చూడనంది. కాసేపాగి తనే వంగి చూసింది. "మనోడే నయం" అంది. బాదుషాలు అందరం కలిసి తిన్నాం.

మగదాన్ని పంపాక సారు జవాబు జల్దీనే వచ్చింది. బాదం, మామిడి చెట్ల మీద ఎప్పటినుంచో ఉన్న జాతే, ఎవరో ఎప్పుడో పేరు కూడా పెట్టేశారు. ఒక పూటంతా దిగాలుగా కూర్చున్నాను. తరువాత మరో మగదాన్ని పట్టి, సూదికి గుచ్చి, చీటీ మీద 'నారాయణఖేడ్' అని రాసుకున్నాను.

ఆ గందరగోళంలో అసలు సంబంధం మాట ఎవరూ ఎత్తలేదు. తరువాతి ఎండాకాలం అతనికి నాగల్‌గిద్ద అమ్మాయితో లగ్గమైంది. నేనూ అక్కా వెళ్లి కడుపునిండా తినొచ్చాం. ఇప్పటికీ అతను స్తంభమెక్కినప్పుడు కనిపించిన ప్రతిదీ ఫొటో తీసి, పేరు చెప్పమని నాకు పంపుతుంటాడు. పోయిన వారం పంపింది బల్లి.