మేం అమ్మేసిన బండి కోసం బార్కస్ దాకా

మామూలుగా ఇక్కడ సెలవు రోజు తిరుగుళ్ళ గురించి రాస్తుంటాను. ఈసారి రాస్తున్నది లాల్‌దర్వాజా నుంచి బార్కస్‌కు, అక్కడి నుంచి శంషాబాద్ వైపున్న ఒక సర్వీస్ సెంటర్‌కు చేసిన ప్రయాణం. దూరం చూస్తే ఏమంత లేదు. కానీ ఇంత గుండె దడతో నేను ఎక్కడికీ వెళ్ళలేదు. సెకండ్ హ్యాండ్ బండి కొన్నవాళ్ళు, అమ్మినవాళ్ళు తప్పకుండా చదవాలని రాస్తున్నాను.

మొన్న రెండో శనివారం నాకు ఆఫీసు లేదు. ఉదయం తొమ్మిదిన్నరకు చాయ్ తాగుతూ ఫోన్‌లో పేరుకుపోయిన మెసేజ్‌లు తీసేస్తున్నాను. లోన్లు, ప్లాట్లు, చీరల డిస్కౌంట్ల మధ్య మా పాత పికప్ బండి నంబరు కనిపించింది. పంపింది బండి తయారుచేసిన కంపెనీ. గేర్‌బాక్స్‌లో లోపం ఉందట. నడుస్తుండగా గేరు దానంతట అదే న్యూట్రల్‌లోకి జారిపోవచ్చట. బరువుతో పల్లం దిగేటప్పుడు మరీ ప్రమాదమట. సర్వీస్ సెంటర్‌లో ఉచితంగా బాగుచేస్తాం, అప్పటిదాకా బండి నడపొద్దు అని ఉంది. ఆ బండి ఇప్పుడు మాది కాదు. మా ఆయన పెళ్ళి మండపాల డెకరేషన్ చేసేవాడు. నడుము నొప్పితో ఆ పని మానేసి చిన్న దుకాణం పెట్టుకున్నాక, రెండేళ్ళ కింద దాన్ని బార్కస్‌లో జామకాయల వ్యాపారం చేసే సాలెహ్ భాయ్‌కి అమ్మేశాం. కాగితాలన్నీ ఆయన పేరు మీదికి మారాయి. కంపెనీ దగ్గర మాత్రం మొదట కొన్నప్పుడు ఇచ్చిన నా నంబరే ఉండిపోయింది.

మెసేజ్ ఎప్పుడు వచ్చిందా అని చూశాను. పదకొండు రోజులైంది.

సాలెహ్ భాయ్‌కి ఫోన్ చేస్తే స్విచాఫ్. దుకాణంలో ఉన్న మా ఆయనకు చేశాను. "నంబరు మార్చిండు గావొచ్చు. శనివారం శనివారం కిరాయికి బయటూర్లకు పోతుంటడు. నేను దుకాణం ఇడిసి రాలేను, నువ్వు పో. బార్కస్ గ్రౌండ్ ఎనక గల్లీల ఆకుపచ్చ గేటు. జల్ది పో సుజాతా" అన్నాడు. ఆయన గొంతులో కంగారు విన్నాక చాయ్ కూడా పూర్తి చేయలేదు.

తొమ్మిది యాభైకి బయల్దేరి, గల్లీల్లోంచి శాలిబండ మెయిన్ రోడ్డుకు పది నిమిషాల్లో నడిచాను. అక్కడి నుంచి చాంద్రాయణగుట్టకు షేర్ ఆటో ముప్పై రూపాయలు. మామూలుగా ఇరవై నిమిషాలు పట్టే దారి. ఆ రోజు ఇంజన్‌బౌలి దగ్గరే పావుగంట ఆగిపోయాం. ముందు నీళ్ళ ట్యాంకర్ ఒకటి అడ్డం తిరిగింది. నేను అయిదు నిమిషాలకోసారి అదే నంబరుకు ఫోన్ చేస్తున్నాను.

"భాయ్, జర జల్ది పోనియ్యరా?" అన్నాను డ్రైవర్‌తో.

"మీదికెల్లి ఎగిరిపోవాల్నా మేడం? ముంగట చూడుండ్రి" అన్నాడాయన. నడి వయసు మనిషి. సంగతి చెప్పగానే వెనక్కి తిరిగి నా మొహం చూశాడు. "పల్లంల గేరు ఊడితే బండి మొత్తం బ్రేకు మీదనే పడ్తది. బరువుంటే బ్రేకులు కాలిపోతయ్. ఎటు పోతున్నడు మీ ఆయన?"

"మా ఆయన కాదు. మా దగ్గర బండి కొన్నాయన. ఎటు పోతున్నడో కూడా తెల్వదు."

ఆయన పక్క గల్లీలోకి తిప్పి, ఎక్కడెక్కడో తిప్పి ఫలక్‌నుమా దాటించాడు. మిగతా ఇద్దరినీ చాంద్రాయణగుట్టలో దింపి, నన్ను బార్కస్ గ్రౌండ్ దాకా తీసుకెళ్ళాడు. అంతా కలిపి అరవై రూపాయలు చాలన్నాడు. అప్పటికి పదకొండు కావస్తోంది.

ఆకుపచ్చ గేటు తట్టగానే సాలెహ్ భాయ్ భార్య మర్యమ్ వచ్చింది. గేటు ముందు బండి లేదు.

"ఇప్పుడే పోయిండు అక్కా. పెద్ద వంట గిన్నెలు, డేగ్‌లు కిరాయికి ఇస్తరు కదా, ఆ దుకాణం కాడికి. డేగ్‌లు, వంటోళ్ళను ఎక్కించుకొని మార్కాపురం పోతడు. రేపు అక్కడ పెండ్లి వలీమా విందు."

మార్కాపురం అంటే శ్రీశైలం ఘాట్ మీదుగా. మెసేజ్ చూపించాను. ఆమె చివరిదాకా చదవలేదు. చెప్పులేసుకొని నా కంటే ముందు పరుగెత్తింది.

రెండు గల్లీల అవతల బండి కనిపించింది. వెనక భాగం నిండా పెద్ద పెద్ద వంట డేగ్‌లు, తాళ్ళు బిగించి ఉన్నాయి. ఇంజన్ నడుస్తోంది. ఇద్దరు వంటవాళ్ళు డేగ్‌ల సందులో కూర్చున్నారు. పెద్ద వంటాయన హుసేన్ సాబ్ ముందు సీట్లో ఉన్నాడు. మర్యమ్ వెళ్ళి బండికి ఎదురుగా నిలబడింది.

"సుజాత బెహెన్? ఇట్లొచ్చినవేంది?" అన్నాడు సాలెహ్ భాయ్ స్టీరింగ్ వెనక నుంచి. ఫోన్ చేతికిచ్చాను. చదివి, తిరిగిచ్చేశాడు. "రెండేండ్ల సంది నడుపుతున్న. మక్కన్ లెక్క మెత్తగ పోతది. సోమవారం చూపిస్త తీ."

"సోమవారం కాదన్నా. ఇయ్యాల ఘాట్ దిగొద్దు."

"నాలుగొందల మందికి వంట, బెహెన్. జబాన్ ఇచ్చిన, మాట తప్పరాదు. ఇప్పుడు రానంటే ఆళ్ళేం గావాలె?"

నాకు తోచింది అడిగాను. "ఒక్కటి చెప్పన్నా. ఎప్పుడన్న గేరు దానికదే ఊడిందా?"

ఆయన లేదు అనలేదు. గేరు రాడ్ మీద చెయ్యి అట్లాగే ఉంది.

"మొన్న మన్ననూరు దాటినంక ఘాట్‌ల మూడో గేరు ఊడింది" అన్నాడు చివరికి. "నా మోచెయ్యి తగిలిందనుకున్న."

హుసేన్ సాబ్ తలుపు తీసుకొని దిగాడు. "మియా, నువ్వు పోతే పో. నేనైతే ఈ బండిల రాను" అన్నాడు. ఆయన్ని చూసి వెనకవాళ్ళూ దిగారు. సాలెహ్ భాయ్ ఇంజన్ ఆపి, తాళంచెవి తీసి మర్యమ్ చేతిలో పెట్టాడు.

ఆ తర్వాత గంటన్నర ఫోన్లే ఫోన్లు. వేరే బండి దొరుకుతుందో లేదో తెలియదు. ఒకరు ఊళ్ళో లేరు, ఒకరి బండి రిపేర్లో ఉంది. అటు మార్కాపురం నుంచి బయల్దేరారా అని అడుగుతున్నారు. చివరికి పన్నెండున్నరకు ఎర్రకుంట నుంచి ఒక బండి వచ్చింది. డేగ్‌లన్నీ అందులోకి మార్చి వంటవాళ్ళను పంపించారు. నేను కంపెనీ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేస్తే, బండిని ఎత్తుకెళ్ళే క్యారియర్ లారీని పంపారు. ఒకటీ నలభైకి వచ్చింది, పైసా తీసుకోలేదు. నేనూ సాలెహ్ భాయ్ అందులోనే కూర్చొని పహాడీషరీఫ్, మామిడిపల్లి మీదుగా రెండున్నరకు సర్వీస్ సెంటర్ చేరాం.

గేర్‌బాక్స్ విప్పాక మెకానిక్ మమ్మల్ని లోపలికి పిలిచాడు. అరచేతిలో ఇనుప ముక్క ఒకటి పెట్టుకొని చూపించాడు. "మూడో గేరును పట్టుకొని ఉంచేది ఇదే. అంచు చూడండి, అరిగి నున్నగయింది." సాలెహ్ భాయ్ దాని మీద బొటనవేలు రుద్దాడు. "ఇంకెన్ని రోజులు ఆగుతుండె?" అని అడిగాడు. "చెప్పలేనన్నా. ఆర్నెల్లు ఆగొచ్చు. ఇయ్యాలనే ఊడొచ్చు."

కొత్త ముక్క వేసి బిగించడానికి రెండు గంటలు పడుతుందన్నారు. బయట బెంచీ మీద కూర్చున్నాం. మెసేజ్ ఎప్పుడు వచ్చిందో చెప్పకుండా ఉండిపోవచ్చు, ఆయనకు ఎప్పటికీ తెలియదు. కానీ ఆ నున్నటి అంచు చూశాక నా వల్ల కాలేదు.

"అన్నా, ఆ మెసేజ్ ఇయ్యాల వచ్చింది కాదు. పదకొండు రోజులైంది. నేను చూడలే."

ఆయన వేళ్ళు మడిచి లెక్కపెట్టుకున్నాడు. "పదకొండు రోజులల్ల రెండుసార్లు ఘాట్ దిగిన" అన్నాడు. మడిచిన వేళ్ళ వైపే చూస్తూ, "ఒకసారి మర్యమ్ గూడ ఉండె" అన్నాడు.

ఆయన లేచి గేటు దాకా వెళ్ళి, చాలాసేపు అటు తిరిగి నిలబడి వచ్చాడు. "ఆ మెసేజ్ నాకు పంపు. కొత్త నంబరు రాసుకో" అన్నాడు. "బార్కస్‌ల గిట్లాంటి బండ్లు ఇంకో నాలుగున్నయ్. అన్నీ సెకండ్ హ్యాండ్‌వే. ఆళ్ళకెవరు చెప్తరు?" బండి బాగయ్యేలోపు నలుగురికీ ఫోన్ చేశాడు. ముగ్గురు ఎత్తారు. నాలుగో ఆయన ఎత్తలేదు. సాయంత్రం ఆరు దాటాక, బాగైన బండిలో నన్ను లాల్‌దర్వాజా కమాన్ దగ్గర దింపి, ఆ నాలుగో ఆయన ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాడు. రాత్రి ఎనిమిదికి మెసేజ్ పెట్టాడు: దొరికిండు, బండి ఆపిచ్చిన.

ఆ రోజు ఆయన నాతో "పర్వాలేదు" అనలేదు. అని ఉంటే నేను తేలిగ్గా మర్చిపోయేదాన్నేమో. మనం అమ్మేసిన వస్తువుతో మన పని అయిపోయిందనుకుంటాం. దాని మీద కూర్చొని ఎవరో ఒకరు ఏదో ఒక ఘాట్ దిగుతూనే ఉంటారని అనుకోం. ఆ పదకొండు రోజులు ఏమీ కాలేదు. అందులో నా గొప్పతనమేమీ లేదు.

మీ బండి సెకండ్ హ్యాండ్‌ది అయితే రెండు పనులు చేయండి: ఆర్‌సీ మీదున్న ఛాసిస్ నంబరును కంపెనీ వెబ్‌సైట్‌లో కొట్టి, లోపముందని కంపెనీ బండ్లను వెనక్కి పిలిచే రీకాల్ ఏమైనా ఉందేమో చూసుకోండి, దగ్గరలోని సర్వీస్ సెంటర్‌కు వెళ్ళి పాత యజమాని ఫోన్ నంబరు తీయించి మీది రాయించండి.