తద్దినం భోజనంలో కారప్పొడి

ఆ రోజుల్లో, అంటే తొంభైల మొదట్లో, చరిత్ర మొత్తం లైబ్రరీ బీరువాల్లోనే ఉంటుందని నాకు గట్టి నమ్మకం. అది యూనివర్సిటీలో మా ఎం.ఏ. చివరి ఏడు. సెమినార్‌కు నేను తీసుకున్న విషయం మిరపకాయ. కర్నూలు జిల్లా వాణ్ణి, పాలు మాన్పించగానే నేరుగా కారానికి అలవాటు పడ్డవాణ్ణి. అలాంటి నేను, మిరపకాయ మనది కాదనీ, అయిదు వందల ఏళ్ల కిందట పోర్చుగీసు ఓడల్లో వచ్చిందనీ, అంతకుముందు మన ఘాటంతా మిరియాలదేననీ చదివి మూడు రోజులు మనసు పాడుచేసుకున్నాను. నల్గొండ వైపు రైతుబిడ్డ అయిన నా రూమ్మేటు అసలు నమ్మనే లేదు. “ఏంది భాయ్, మా తాత చేన్ల పండిన మిర్చి ఓడల వచ్చిందా? మా ఊరికి బస్సే రాదు!” అన్నాడు.

మా ప్రొఫెసర్‌కు మేం పెట్టుకున్న పేరు ‘ఆధారం సారు’. ఎవరేం చెప్పినా కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి “ఆధారం ఏంది?” అనేవారు. సెమినార్ బాగుంటే ఎం.ఫిల్.కు తన దగ్గర చేర్చుకుంటానన్నారు. లేకపోతే మా నాన్న మాట్లాడి పెట్టిన గుమాస్తా కుర్చీ ఊళ్లో నాకోసం కాచుకుని ఉంది. “పుస్తకాలల్ల ఉన్నది నాకు గూడ తెలుసు. మిరియాల కాలంది మన ఇండ్లల్ల ఏమన్న ఆనవాలు మిగిలిందా? గది తీస్కరా” అన్నారు సారు. ఇళ్లల్లో ఆనవాలు వెతకమంటే నేను రెండు నెలలు లైబ్రరీలో వెతికాను. (నవ్వకండి, అప్పట్లో నేను చాలా సీరియస్ విద్యార్థిని.)

సెమినార్ సోమవారం. ముందురోజు తార్నాకలో ఉండే మా మేనత్త ఇంట్లో వాళ్ల మామగారి తద్దినం. హాస్టల్ మెస్సు తిండితో నీరసించిన వాడికి తద్దినమైనా పెళ్లయినా ఒకటే కాబట్టి, క్యాంపస్ నుంచి నడుచుకుంటూ వెళ్లాను. మిక్సీ మీద గుడ్డ కప్పేసి, అత్త తెల్లవారకముందే రుబ్బురోలు ముందు కూర్చుందట. చామగడ్డ కూర, నువ్వుల పచ్చడి, గారెలు, మిరియాల చారు అన్నీ వడ్డించింది. అన్నీ బాగున్నాయి గానీ నా నాలుకకు ఏదీ ఆనలేదు. జేబులో ఎప్పుడూ ఉండే కారప్పొడి పొట్లం తీసి, అత్త నెయ్యి కోసం లోపలికి వెళ్లిన సందులో అన్నిటి మీదా చల్లేశాను. “ఏమిరా, చెమటలు కారిపోతాండాయి?” అంది అత్త వచ్చి. “మిరియాల ఘాటత్తా” అన్నాను. “ఉంటుంది నాయనా. ఈ పొద్దు మిరపకాయ వంటింటి గడప తొక్కకూడదు. మన పెద్దలు ఎరగనిది వాళ్లకెట్ల పెడతాం?” అంది. ఆ మాట శుభ్రంగా విన్నాను. తల ఊపాను. పెరుగు వేయమన్నాను.

సోమవారం నలభై నిమిషాలు దంచేశాను. సారు కళ్లజోడు పైకి నెట్టి “అంత మంచిగనే ఉన్నది. ఇండ్లల్ల ఆనవాలు?” అన్నారు. “ఏమీ మిగల్లేదు సార్” అన్నాను ధీమాగా.

“మీ ఇండ్లల్ల తద్దినాలు పెడ్తరా?”

“పెడతారు సార్. నిన్ననే తిన్నాను.”

“మరి అండ్ల మిర్చి ఏసిన్రా?”

అత్త మాట అప్పుడు చెవిలో పడింది, ఒక రోజు ఆలస్యంగా. గుమాస్తా కుర్చీ కళ్ల ముందు మెదిలింది. “వాళ్లు వేయలేదు సార్... నేనే వేసుకున్నాను” అని పొట్లం సంగతి ఒప్పేసుకున్నాను. క్లాసంతా గొల్లుమంది. అందరికంటే గట్టిగా నవ్వింది మా రూమ్మేటే. సారు కళ్లు తుడుచుకుని “ఆధారం ఇస్తరాకుల వడ్డిస్తే, దాని మీద కారం సల్లుకున్నోణ్ణి నిన్నే చూస్తున్న! పో, మీ అత్తనడిగి అంత రాస్కరా. తెస్తే ఎం.ఫిల్.కు తీస్కుంట” అన్నారు.

సాయంత్రం అత్త ముందు తల దించుకుని అంతా చెప్పాను. “అందుకేనా ఆ చెమటలు!” అంది. తర్వాత మర్నాటి ఇడ్లీ పిండికి నా చేతికి పొత్రం ఇచ్చి, నేను రుబ్బుతుంటే చెప్పుకుపోయింది. తద్దినానికి టమోటా వద్దు, ఆలుగడ్డ వద్దు, క్యాబేజీ వద్దు, కుక్కర్ వద్దు. అన్నీ మన పెద్దలు ఎరగనివే. పిండి చేతులతోనే మూడు పేజీలు రాసుకున్నాను. సారు చేర్చుకున్నారు.

థీసిస్ బైండయ్యాక అత్తకు తీసుకెళ్లి ఆ మూడు పేజీలూ చదివి వినిపించాను. చివర ‘సమాచారం ఇచ్చినవారు: ఒక గృహిణి, తార్నాక’ అని ఉంది. “ఎవర్రా ఈ గృహిణి?” అంది. నువ్వేనన్నాను. “మరి నా పేరు లేదే?” అంటే, “అట్లా రాస్తేనే ఆధారమవుతుందత్తా” అని గంభీరంగా చెప్పాను. పాపం, నమ్మేసింది. పక్కిళ్ల వాళ్లందరికీ ఆ పేజీ చూపించి, “గృహిణి అంటే నేనే” అని చెప్పుకుని మురిసిపోయింది. ఇరవై మూడేళ్ల ఆ పండితుణ్ణి తలుచుకుంటే ఇప్పటికీ నాకు నవ్వొస్తుంది, ఆ వెంటనే సిగ్గేస్తుంది.