మూడు చింతచెట్లు, నా కన్నడం

కర్ణాటకలో మా చిక్కబళ్ళాపుర కొత్తగా జిల్లా అయిన రోజులవి. ఇళ్ళల్లో తెలుగే మాట్లాడుకునే బాగేపల్లిలో నాకు విత్తనాల అంగడి ఉండేది. నా కన్నడం గొప్పదని నాకో నమ్మకం. ఆ నమ్మకం అందరికీ ఉందని ఇంకో నమ్మకం.

చాకవేలు మీదుగా పెద్ద కరెంటు లైను వెళ్తుందనీ, దానివల్ల చెట్లకూ చేలకూ ఏం నష్టమో జనాన్నే అడిగి రాసుకోవాలనీ అక్కడి బడి వరండాలో సభ పెట్టారు. వచ్చిన ఇంజినీరుది ధారవాడ వైపు. తెలుగు ముక్క రాదు. ఆ ఊరి రైతులు నా దగ్గరే వేరుశెనగ విత్తనాలు కొనేవాళ్ళు కాబట్టి, దుబాసీ పని నాదేనని నేనే అనుకుని ఆయన పక్క కుర్చీలో కూర్చున్నాను.

మగవాళ్ళంతా ఆయనతో నేరుగా కన్నడంలోనే మాట్లాడేశారు. నా నాలుకకు పని లేక దురద పుట్టింది. అప్పుడు లేచింది ఒక ముసలమ్మ. ఆమె చేలో మూడు చింతచెట్లున్నాయి. ఆ కాపుతోనే ఆమెకు ఏడాది గడవాలి. పటంలో లైను గీత సరిగ్గా వాటి మీదుగా పోతోంది. లైను కింద పెద్ద చెట్టు ఉండకూడదు.

మా వైపు మనవికి ముందు తిట్టు నడుస్తుంది. ఆమె తెలుగులో ఇంజినీరుగారి వంశాన్ని మూడు తరాల వెనక్కి వెళ్ళి పలకరించి, ఆ తర్వాతే అసలు సంగతికొచ్చింది. చేని పక్కన గుట్ట ఉంది, దాని మీద రాళ్ళు తప్ప ఏమీ లేవు, లైనును అటు తిప్పండి అని.

తిట్లకే నాకు చెమటలు పట్టాయి. ఊరికొచ్చిన మనిషి ఏమనుకుంటాడు? ముందు వాటిని కడిగి ఆరేద్దామని కన్నడంలో అందుకున్నాను. ఈ తల్లి మీ రాకకు సంతోషిస్తోంది, కరెంటు రావడం మంచిదేనంటోంది అన్నాను. ఇంజినీరు ఆమెకు చేతులు జోడించాడు. ఆయన వెంట వచ్చినవాళ్ళు చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు నాకేననుకుని నేను కూర్చుండిపోయాను. గుట్ట సంగతి నా నోట్లోనే ఉండిపోయింది. ఊరివాళ్ళు నావైపు చూసి ఊరుకున్నారు. అదీ మెప్పేననుకున్నాను.

కొన్ని వారాలకు సభ నివేదికను తాలూకు ఆఫీసులో పెట్టారు. ఎవరైనా చదవొచ్చు, ఆక్షేపణ ఉంటే ఇవ్వొచ్చు. నేను వెళ్ళింది మాత్రం దుబాసీ సేవ గురించి ఒక వాక్యమైనా రాశారేమో చూద్దామని. నా వాక్యం ఉంది. ఒక వృద్ధ రైతు మహిళ ఈ పథకాన్ని స్వాగతించారు, చెట్ల విషయంలో ఆక్షేపణలు లేవు అని.

మూడుసార్లు చదివాను. స్తంభాలు పాతకముందే స్తంభించిపోయాను. తీగ లాగితే డొంక కదులుతుందంటారు. ఇక్కడ తీగ ఇంకా రానేలేదు, డొంకంతా వచ్చి నా నెత్తిన పడింది.

అప్పటికప్పుడు చాకవేలు బస్సెక్కాను. ముసలమ్మ చెట్ల మొదళ్ళకు, కొట్టేయడానికి గుర్తుగా, ఎర్ర రంగుతో అంకెలు వేసి ఉన్నాయి. పక్క చేని రైతు కనిపిస్తే, మీకందరికీ కన్నడం వచ్చు కదా, ఆ రోజు నన్నెందుకు ఆపలేదని అడిగాను.

"నువ్వు చదువుకున్నోడివి కదప్పా. ముందు పొగిడి, ఎనక మెలిక పెడతావనుకుంటిమి. మెలిక కోసరం చూస్తానే ఉంటిమి."

నా దగ్గర మెలికేదీ లేదు. ముసలమ్మకు అంతా చెప్పాను. తిడుతుందనుకున్నాను, తిట్టలేదు. నాకు ఇంకా భయమేసింది. "ఆయప్ప ఇప్పుడు యాడ ఉండాడు?" అని మాత్రం అడిగింది.

మర్నాడు ఇద్దరం చిక్కబళ్ళాపురలో ఇంజినీరు ఎదుట నిలబడ్డాం. దారి పొడవునా కూర్చుకున్న క్షమాపణ నేను మొదలుపెట్టానో లేదో, ఆమె నా భుజం పట్టి పక్కకు జరిపింది.

"మర కడీబేడప్పా. గుడ్డద మేలె హోగి."

చెట్లు కొట్టొద్దప్పా, గుట్ట మీదుగా పొండి. అంతే. ఇంజినీరు ఆమెను కాకుండా నన్ను చూశాడు. ఆ రోజు ఆమె చెప్పింది ఇదేనా అని అడిగాడు. తల ఊపాను. ఆయన పటం పరిచి, పెన్సిలు తీసి, గుట్ట ఎక్కడో ఆమెనే చూపించమన్నాడు. ఆక్షేపణ రాయించి ఆమె వేలిముద్ర తీసుకున్నాడు.

తిరుగు బస్సులో ఆమె పక్కన కూర్చుని అడిగాను.

"నీకు కన్నడం వచ్చునామ్మా?"

"ఇన్నేండ్లుగా చింతామణి సంతలో చింతపండు అమ్ముతాండాను, రాకేం?"

"మరి ఆ పొద్దు నువ్వే చెప్పి ఉండొచ్చు కదా?"

"నువ్వు కుర్చీ ఏసుకోని కూచుంటివి. ఇంతమందిలో నిన్ను చిన్నబుచ్చేది ఎందుకులేప్పా అని ఊరకుంటి."

ఆమె నాకిచ్చిన మర్యాద, నేను ఇంజినీరుకిచ్చిన మర్యాద, రెండూ కలిసి చెట్ల మొదళ్ళ మీద ఎర్ర అంకెలై కూర్చున్నాయి.

లైనును గుట్టవైపు తిప్పారు. రెండు చెట్లు నిలిచాయి. మూడోది నిలవలేదు. అవతలి చేలో స్తంభానికి ఈలోపే పునాది తవ్వేశారు, అక్కణ్ణుంచి తీగ ఎటు తిప్పినా ఆ చెట్టు మీదుగానే వెళ్ళాలి. సభ రోజునే చెప్పి ఉంటే ఆ స్తంభాన్నీ జరిపేవాళ్ళమని ఇంజినీరు నాతో కన్నడంలో అన్నాడు. ఆమె పక్కనే ఉంది. తెలుగు చేయమని నన్నెవరూ అడగలేదు.